తెల్లబడ్డ ప్లగ్గు

ఏప్రిల్‌లో రెయిన్‌డీర్ల మందను సముద్రపు ఒడ్డుకు తోలుకెళ్ళేటప్పుడు పన్నెండేళ్ళుగా ముందు నడిచే మంచుబండి నాదే. ఆ ఏడు నాన్న కాఫీ తాగుతూ, నా మొహం చూడకుండా చెప్పాడు.

"ఈసారి ముందు యోవ్నా పోతాడులే రవ్ద్నా. నువ్వు వెనక చూడివాటిని కనిపెట్టుకో."

యోవ్నా మా చెల్లెలు మారెత్ మొగుడు. మంద కాపుకు వచ్చి నాలుగేళ్ళు. వాడు నవ్వితే నాన్న కూడా నవ్వుతాడు. రెయిన్‌డీర్లను పట్టే తన ఉచ్చుతాడు కూడా వాడికే ఇచ్చేశాడు. ఆ తాడు వాడి భుజాన చూసిన ప్రతిసారీ నాకు తిండి సయించేది కాదు.

ప్రయాణానికి ముందు మంచుబండ్లన్నీ తనిఖీ చేసే పని మాత్రం నాకే మిగిలింది. బెల్టులు చూశాను, నూనె మార్చాను. చివరికి యోవ్నా బండి ఇంజనులోని స్పార్క్ ప్లగ్గులు విప్పాను. ఒకటి కాఫీరంగులో, ఉండవలసినట్టే ఉంది. రెండోది సుద్దలా తెల్లగా ఉంది. అంటే ఆ వైపు ఇంజను ఎక్కువ గాలి పీల్చి కాలిపోతోంది. తడిమి చూస్తే కార్బొరేటర్ దగ్గరి రబ్బరు గొట్టం చీలి ఉంది. గంటసేపు వేగంగా తోలితే పిస్టన్ పట్టేసి బండి ఉన్నపళంగా ఆగుతుంది, బోల్తా కూడా పడొచ్చు. కొత్త గొట్టం గోడకే వేలాడుతోంది.

నేను ప్లగ్గు మళ్ళీ బిగించేశాను. గడ్డకట్టిన సరస్సు నడుమ వాడి బండి ఆగిపోవాలి, నాన్న వెనక్కి తిరిగి నన్ను పిలవాలి. అంతకు మించి ఏ కీడూ కోరలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంతలో యోవ్నా వచ్చాడు. "ఏం వదినా, ఎలా ఉంది నా గుర్రం?"

"బాగానే ఉంది."

"నువ్వు చూశాక ఇంక దిగులేముంది."

మర్నాడు పొద్దున యోవ్నా బండి వెనక స్లెడ్జి కట్టారు. నాన్న తోళ్ళు పరుచుకుని అందులో కూర్చున్నాడు. "దోవ చెప్పాలిగా వీడికి" అన్నాడు.

నా కాళ్ళు వాటంతటవే నడిచాయి. వెళ్ళి యోవ్నా బండి తాళంచెవి తిప్పి ఇంజను ఆపాను. మూత ఎత్తి చీలిక చూపించాను.

"ఎప్పుడు చూశావిది?" అన్నాడు నాన్న.

"నిన్న."

యోవ్నా నా వైపు తిరిగి అన్నాడు. "మామ ఎక్కకపోతే చెప్పేదానివి కాదు కదా వదినా."

"ఏమో" అన్నాను. అది అబద్ధమని అందరికీ తెలుసు.

"మార్చు" అన్నాడు నాన్న. అంతే.

నేను గొట్టం మారుస్తుంటే యోవ్నా పక్కన నిలబడి మరలు అందించాడు. మెల్లగా అన్నాడు. "నాలుగేళ్ళుగా మామ నోట ఒకటే మాట. రవ్ద్నా అయితే ఇలా చేసేది, రవ్ద్నా అయితే అలా పోయేది. నిన్ను చూస్తే నాకూ కడుపు మండేది. కానీ నీ బండి జోలికి నేనెప్పుడూ రాలేదు."

నేను ఆఖరి మర బిగించి మూత వేశాను.

గంట ఆలస్యంగా బయలుదేరాం. ముందు బండి యోవ్నాయే తోలాడు. దోవ తప్పలేదు. తప్పితే బాగుండునని రెండుసార్లు అనుకున్నాను, అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

మారెత్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో మజిలీలో ఎండు మాంసం కోసి, నాకో ముక్క విసిరింది.

"తిను అక్కా" అంది. "వట్టి కడుపుతో ఇంకెంతమంది మీద ఏడుస్తావు?"