మంగయ్య గీత

మంగయ్య నడుం వంచి, చిల్లుల డబ్బాను ఊపుకుంటూ నడుస్తున్నాడు. పినపాక రోడ్డు అంచు నుంచి నాలుగడుగులు లోపలికి, బజారు పొడుగునా సున్నం పొడి తిన్నగా రాలుతోంది. పంచాయతీ కామాటిగా ముప్పై ఏళ్లుగా ఆయన పని ఇదే. పెద్ద ఆఫీసరెవరైనా వస్తున్నారంటే ముందురోజు ఈవో చెబుతాడు, తెల్లారేసరికి మంగయ్య గీత వేస్తాడు. ఆ గీత కనబడితే చాలు, షాపుల ముందు కార్లూ జీపులూ పెట్టుకునే దొరలు కిక్కురుమనకుండా తీసేస్తారు. ఆఫీసరు వెళ్లిన మర్నాటికి మళ్లీ మామూలే.

ఈ రోజు మాత్రం ఎవరూ రావడం లేదు. ఈవో ఏమీ చెప్పలేదు. 2006 జూన్ నెల ఆఖరు రోజు అది, మంగయ్య ఉద్యోగానికి కూడా.

బక్కపలచటి మనిషి. వేళ్లు సున్నానికి పగిలిపోయాయి, కనురెప్పల మీద కూడా తెల్లటి నుసి. ఆయన ఉన్నాడో లేడో ఊళ్లో ఎవరికీ పట్టదు, భార్య నాగక్కకు తప్ప. పోయిన వానాకాలం దాకా ఆమె అడ్డాకుల విస్తర్లు కుట్టి, నెత్తిన పెట్టుకుని బజారుకు తెచ్చేది. షాపుల ముందంతా కార్లే కాబట్టి నడిచేవాళ్లు బొగ్గు లారీల మధ్య నుంచే పోవాలి. ఒకరోజు వెనక్కి వస్తున్న జీపు ఆమె పాదం మీదికెక్కింది. ఎముక అతికింది గాని భయం పోలేదు. అప్పటి నుంచి నాగక్క బజారు మొహం చూడలేదు. తన చేతిలో డబ్బా ఉండగానే ఆమె ఒక్కసారి అక్కడ బెదరకుండా నడవాలని మంగయ్య పట్టుదల. ఎవరు వేయమన్నారని అడిగితే పింఛనుకే ఎసరు వస్తుందని తెలిసీ వేశాడు.

ఏడింటికి కానిస్టేబుల్ రామ్‌చందర్ వచ్చి, గీత చూసి గతుక్కుమన్నాడు.

"ఎవరొస్తుండ్రు మంగన్నా?"

"వచ్చెటోళ్లే వస్తుండ్రు సారూ."

రామ్‌చందర్ వెంటనే విజిల్ అందుకున్నాడు. అరగంటలో కార్లన్నీ బడి వెనక మైదానానికి చేరాయి. రాత్రి షిఫ్టు దిగిన గని కార్మికులు గీత లోపల, షాపుల పక్కగా సైకిళ్ల మీద వరసగా వచ్చారు. వాళ్ల వెనక బడిపిల్లలు, కట్టెలమోపులతో కోయ ఆడవాళ్లు వచ్చారు.

తొమ్మిదింటికి ఈవో కారు దిగాడు. ఈవో గీతనూ, ఖాళీ బజారునూ మార్చి మార్చి చూశాడు. తనకు చెప్పకుండా కలెక్టరే వస్తున్నాడనుకున్నాడు. ఆ సంగతి తనకు తెలియదంటే పరువేం కావాలి?

"సక్కగ ఏసినవు," అని, తన కారును కూడా మైదానానికే పంపించేశాడు.

మంగయ్య ఒక్క పరుగున ఇంటికి పోయి నాగక్కను బయల్దేరదీశాడు.

"ఏందయ్యా నీ జిద్దు? నాకు భయమైతది."

"నువ్వు గీత లోపట నడువు. నేను బయట నడుస్త."

మొదట ఆమె మొగుడి చొక్కా గట్టిగా పట్టుకుంది. యశోద చాయ్ హోటల్ దాటాక వదిలేసింది. ఆ తర్వాత ఆయన్ను వెనకే వదిలి, కిరాణా షాపు ముందు నిలబడి, విస్తర్లు ఎక్కడి నుంచి తెస్తున్నారని, ఇంత పలుచగా ఉన్నాయేమని షాపాయన్ను నిలదీసింది. మంగయ్యకు సంతోషంతో ఏడుపొచ్చింది.

సాయంత్రమైనా ఏ ఆఫీసరూ రాలేదు. ఈవో మంగయ్యను పంచాయతీ ఆఫీసుకు పిలిచాడు.

"ఎవరు ఏయమన్నరే?"

"నేనే ఏసిన సార్."

ఈవో ముఖం ఎర్రబడింది. అంతలో చాయ్ తెచ్చిన యశోద అడ్డం వచ్చింది.

"పొద్దటి సంది గిరాకీతోని నా బెంచీల మీద జాగ లేదు సారూ. రేపు గూడ ఏయించుండ్రి." వాకిట్లో చేరిన షాపులవాళ్లు అవ్ అవ్ అన్నారు.

ఈవో చాయ్ అంతా తాగి, గ్లాసు పక్కన పెట్టాడు. "సున్నమెందుకు? పెయింటే ఏయిద్దాం."

స్టాఫ్ శాలువా కప్పారు, కొత్త చెప్పులు తొడిగించారు. మంగయ్యా, ఆయన కోసం వచ్చిన నాగక్కా పక్కపక్కనే గీత లోపల నడుచుకుంటూ వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా బజారు పొడుగునా తెల్ల పెయింటు పడింది. కార్లు మైదానంలోనే ఉంటున్నాయి. పంచాయతీ ఆఫీసు మెట్ల పక్కన మంగయ్య విడిచిపోయిన పాత చెప్పులు, సున్నానికి మడమల దగ్గర పగిలినవి, బజారు వైపు తిరిగి ఉన్నాయి.