బట్ట కత్తిరించే మనిషి

విజయ కుమారి ఆ మాట చెప్పినప్పటి నుంచి రెజీనా కుదురుగా కూర్చోలేకపోయింది.

కలకత్తా గార్డెన్ రీచ్‌లో, ఓడలు కట్టే యార్డు వెనక సందులో రెజీనాకు చిన్న కుట్టు షెడ్డు ఉంది. యార్డు కూలీలు వేసుకునే నీలం డాంగ్రీలు అక్కడ కుడతారు. పనిచేసే ఆడవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో విజయ కుమారి బట్ట కత్తిరించి ఇస్తేనే మిగతా వాళ్ళ చేతులు ఆడేది. పైగా కాంట్రాక్టరు ఈసారి రెట్టింపు ఆర్డరిచ్చాడు.

"రేపట్నుంచి రానక్కా," అంది విజయ కుమారి. "ఇంటికాడే మిషను పెట్టుకున్నాను. స్కూలు బట్టలు కుడతాను."

"ఇప్పుడా చెప్పడం? నీకు కత్తెర పట్టడం నేర్పిందెవులు?"

"నువ్వే. కాదన్నానేటి?"

మిషన్లు ఆగిపోయాయి. ఎవరూ తలెత్తలేదు.

మర్నాడు రెజీనా తానే కత్తెర పట్టింది. మనసు బట్ట మీద లేదు. భుజాల దగ్గర కొలత తప్పి సగం తాను బట్ట పాడైంది. ఆమె భర్త రాబిన్ రేవులో క్రేను నడుపుతాడు. "పోనీలే, ఇంకో మనిషిని చూసుకో," అన్నాడు అన్నం తింటూ.

"చూసుకోడానికి బజార్లో వంకాయలేటి?" అని రెజీనా కంచం ముందు నుంచి లేచిపోయింది. వంటింట్లోకీ వాకిట్లోకీ ఊరికే తిరిగింది.

ఆ మర్నాడు సాయంత్రం రెజీనా, విజయ కుమారి వాళ్ళింటికి బయల్దేరింది. బతిమాలాలో, కేకలెయ్యాలో దారంతా తేల్చుకోలేకపోయింది.

ఇల్లంతా ఒకటే గది. మంచం గోడకు నిలబెట్టి, ఆ జాగాలో మిషను వేశారు. భర్త పోయాక ఇళ్ళల్లో అంట్లు తోముకుంటూ బతికిన పక్కింటి రమాకుమారి నేల మీద కూర్చుని గుండీలు కుడుతోంది.

"ఏటి, నువ్వూ ఇక్కడేనా?" అంది రెజీనా.

"అంట్ల పని మానేసినాను దీదీ."

రెజీనా కేకలెయ్యలేదు, బతిమాలింది. "మళ్ళీ వచ్చీ విజయా. జీతం పెంచుతాను."

"రాలేనక్కా. బట్ట ఇక్కడికి పంపించు, కత్తిరించి పంపుతాను. జీతం వద్దు. పీసుకింత అని మాటాడుకుందాం."

మొన్నటిదాకా తన కింద పనిచేసిన మనిషితో బేరమా! రెజీనా గుమ్మం దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

"కూచో అక్కా, టీ పెడతాను."

కూర్చోలేదు. నిలబడే బేరమాడింది, నిలబడే టీ తాగింది.

విజయ కుమారి కత్తిరించి పంపిన బట్టతో ఆర్డరు కాస్త ఆలస్యంగా వెళ్ళింది. కాంట్రాక్టరు గొణిగాడు గానీ ఇంకోటి ఇచ్చాడు. షెడ్డులో కత్తిరింపు బల్ల తీసేసి, ఆ చోట మిషన్లు వేసి, రెజీనా ఇద్దరు కొత్తవాళ్ళను పెట్టుకుంది. అయినా ఆమెకు నిమ్మళం లేదు. ఎవరు ఆలస్యమైనా గుమ్మం వైపే చూపు.

ఒక మధ్యాహ్నం, కొత్తగా చేరిన చిన్మయి కుడుతూనే అడిగింది. "అక్కా, పాత మిషన్లు ఎక్కడ దొరుకుతాయి?"

"ఎవులికి?"

"నాకే. ఇప్పుడే కాదులే."

చిన్మయి కూడా వెళ్ళిపోయే మనిషే. తెలీదంటే సరిపోయేది. రెజీనా లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి, బయట పోయే ఆటోల వంక కాసేపు చూసింది.

"భవానీపూర్‌లో ఒక దుకాణం ఉంది," అంది చివరికి. "ఒక్కదానివీ వెళ్ళకు, పాడైపోయినది అంటగట్టీగలరు. నేనొస్తాను."