బతికున్న మేనత్తకు సమాధి

తెల్లారగానే వాకిలి ఊడవడం చియావో సూయున్‌కి చిన్నప్పటినుంచీ అలవాటు. కాకపోతే ఈమధ్య చీపురు పట్టేముందు వాకిట్లో పడ్డవన్నీ ఏరి పక్కన పెట్టాల్సి వస్తోంది. ఆ ఉదయం పట్టుకోటు, ఊలుటోపీ, కళ్ళజోడు, తలుపుల్లేని బీరువా ఒకటి పడున్నాయి.

"ఏ పిసినారి వెధవో, తలుపులు అతికించకుండానే తగలేశాడు" అని విసుక్కుంది.

ఇదంతా ఆమె మేనల్లుడు చియావో హెంగ్ చేసిన నిర్వాకం. బీజింగులో పేరుమోసిన రచయిత. తన వంశం నాలుగు తరాల కథ లావుపాటి నవలగా రాశాడు. అందులో మేనత్త పేరైనా మార్చకుండా, పెళ్ళాడబోయేవాడి కోసం ఎదురుచూసి చూసి పంతొమ్మిదో ఏట పసుపు నదిలో దూకి చచ్చిపోయిందని రాసేశాడు. దేశమంతా ఆ అధ్యాయం చదివి భోరుమంది. నవల విదేశీ భాషల్లోకి పోయి పెద్ద బహుమతి కొట్టింది. ఊరి కార్యదర్శి ఫాన్ ఊరుకుంటాడా? సూయున్ ఇంటికి పైన, రేగుతోటలో మట్టిదిబ్బ పోయించి, పేరు చెక్కిన రాయి పాతించాడు. పాఠకులు బస్సుల్లో దిగి, పోయినవాళ్ళకి కాల్చినట్టే కాగితం బట్టలూ కాగితం సామాన్లూ పరలోకం నోట్లూ ఆమె పేర కాల్చడం మొదలెట్టారు. అక్కడ కాల్చిందల్లా ఇక్కడ నిజం వస్తువై ఆమె వాకిట్లో పడేది. బతికున్న మనిషి పేర కాలిస్తే ఇంకెక్కడికి పోతాయి మరి!

"పిన్నీ, మా ఆయన కాలికి సరిపడే బూట్లేమైనా పడ్డాయా?" పక్కింటి ఛూ కోడలు గోడ మీంచి తల పెట్టింది.

"అన్నీ ఆడవాళ్ళ జోళ్ళే. పరలోకం నోట్లు కావాలంటే గంపెడున్నాయి, పట్టుకుపో. పొయ్యి రాజేసుకోడానికి బావుంటాయి."

పైకి నవ్వుతూ అనేదే గానీ, సూయున్ కడుపులో మంట మాత్రం ఆరలేదు. కిందటి సంవత్సరం హెంగ్ వచ్చినప్పుడు నిలబెట్టి అడిగేసింది.

"ఏరా, నిక్షేపంలా ఉన్న నన్ను ఏట్లో తోసేస్తావా?"

"బతికించే రాశానత్తా మొదట. చదివినవాళ్ళెవరికీ కన్నీళ్ళు రాలేదు."

"ఇన్నేళ్ళు ఒక్కదాన్నే చెట్లు దులిపి, పళ్ళు ఎండబోసి బతికానే! దానికి రాలేదట్రా ఏడుపు?"

హెంగ్ రాసినదాంట్లో ఎదురుచూడటం ఒక్కటే నిజం. ఆమెని పెళ్ళాడబోయిన షీ చాంగ్లిన్ రేవులో పడవ నడిపేవాడు. యుద్ధంలో సైనికులు పడవతో పాటు అతన్నీ పట్టుకుపోయారు. ఆ పొద్దున సూయున్ రేవుకి పరిగెత్తుకెళ్ళి, తను కుట్టిన మెత్తల జత అతని చేతిలో పెట్టింది. జోళ్ళలో పరుచుకునే ఆ మెత్తల్ని ఆ వైపు ఆడపిల్లలు మనసైనవాడికే కుట్టిస్తారు. దానిమ్మపూలు కుడుతుంటే ఎర్రదారం అయిపోయి, ఎడమదాంట్లో ఒక పువ్వు నీలంగా మిగిలిపోయింది. అప్పుడా పువ్వు చూసి చాంగ్లిన్ నవ్విన నవ్వే ఆఖరుది.

సమాధులు శుభ్రం చేసే వసంతపు పండగ నాడు ఫాన్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"పెద్దమ్మా, బహుమతి ఇచ్చిన దొరలు ఇవాళే వస్తున్నారు. నీకు పట్నంలో వృద్ధాశ్రమంలో మంచి గది మాట్లాడాను. బండి తెచ్చాను. ఇక మీదట అక్కడే."

"నా ఇల్లొదిలి నేనెందుకు పోతాను?"

"సమాధి ఉంది కదా! మనిషన్నాక సమాధిలో ఉండాలి, లేదా పట్నంలో ఉండాలి. వాకిట్లో చీపురు పట్టుకుని కనబడితే ఊరంతా ఏమైపోవాలి చెప్పు?"

ఛీ కొట్టబోయింది. కానీ బస్సులొచ్చినప్పటినుంచే ఊరి రేగుపళ్ళు కుళ్ళకుండా అమ్ముడుపోతున్నాయి. ఛూ కోడలు కూడా గోడ అవతల నిలబడి, ఏమంటుందోనని భయంభయంగా చూస్తోంది. సూయున్ లోపలికి పోయి రెండు జతల బట్టలు మూట కట్టుకుంది. పొయ్యి మీద కొర్రజావ ఉడుకుతోంది. దాన్ని ఎవరు తాగుతారో అనుకోగానే ఏడుపు తన్నుకొచ్చింది.

మూటతో గుమ్మం దాటుతుంటే కాళ్ళ దగ్గర ఏదో మెత్తగా పడింది. అరిగిపోయి, చెమటకి నల్లబడ్డ మెత్త. వంగి తీసింది. దానిమ్మపూలు. అందులో ఒకటి నీలం.

మూట అక్కడే పడేసింది. "పెద్దమ్మా, బండి ఇటు!" అని ఫాన్ అరుస్తూ వెనకాలే పరిగెత్తాడు. అప్పటికే ఆమె రేగుతోట గట్టు ఎక్కేస్తోంది.

పైన దొరలు కెమెరాలు పట్టుకుని చుట్టూ మూగారు. హెంగ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంట ముందు ఒక ముసలాయన ప్రయాణపు పెట్టె పక్కన పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, రాయితో మాట్లాడుతున్నాడు.

"పెళ్ళి చేసుకుని పిల్లాపాపలతో చల్లగా ఉన్నావనుకున్నాను, సూయున్. నీ కాపురంలో నిప్పులు పొయ్యడమెందుకని రాలేదు. ఆ యుద్ధం నన్ను ఎత్తుకెళ్ళి ఫ్రాన్సులో పడేసింది. అక్కడ మార్సేలో నా నూడుల్సు కొట్టుకొచ్చే పంతులమ్మ ఈ పుస్తకం ఫ్రెంచిలో చదివి చెప్పింది, నా కోసం చచ్చిపోయావని. నువ్విచ్చింది నీకే ఇచ్చేస్తున్నా. ఒకటి మంటలో వేసేశాను, రెండోది వెయ్యడానికి మాత్రం చెయ్యాడటం లేదు."

ముక్కు చీదుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండో మెత్తని మంట మీదికి చాపాడు.

"ఆగవయ్యా! అది కాల్చకు!" సూయున్ రొప్పుతూ వచ్చి చెయ్యి చాపింది. నీలంపువ్వు ఆమె అరచేతిలో ఉంది. "ఒకటి అందింది. రెండోది చేతికే ఇయ్యి."

చాంగ్లిన్ పువ్వుని చూశాడు, ఆమెని చూశాడు. మెత్త అంచుకి నిప్పంటుకుంటే గబగబా కోటుకేసి రుద్దుకున్నాడు.

"చచ్చిపోయావని పుస్తకంలో ఉందే!"

"బతికున్నానని రాస్తే నువ్వొచ్చేవాడివా?" అని, మేనల్లుడి వంక ఒక్క చూపు చూసింది. హెంగ్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. "సరేలేరా, ఈసారికి వదిలేశాను."

ఫాన్ ఆయాసపడుతూ అప్పటికి గట్టెక్కాడు. సూయున్ చాంగ్లిన్ మోచెయ్యి పట్టి లేపుతూ కార్యదర్శితో అంది:

"బండి ఖాళీగానే ఉందిగా, ఫాన్. ఈయన పెట్టె మా ఇంట్లో దింపించు. జావ మాడిపోతోంది."