రేకు వెనక చెయ్యి

పాత వ్యాను తలుపుల మీది రంగును వేడితో ఊడదీయడం ఇద్దరు చేసే పని. బయట ఒకడు వేడిగాలి చిమ్మే హీట్ గన్ను ఒకచోట నిలపకుండా తిప్పుతూ, ఉబ్బిన రంగును గీకాలి. లోపల ఇంకొకడు రేకు వెనక అరచెయ్యి ఆనించి, ఓర్చుకోలేనంత వేడెక్కగానే "జరుపు" అనాలి. ఆలస్యమైతే రేకు వంకరపోతుంది, లోపల మిగిలిన స్పాంజీ అంటుకుంటుంది.

ఆ షెడ్డులో లోపలి చెయ్యి మేస్త్రిది. వచ్చినవాళ్లందరికీ ఓనరు ఆ చెయ్యి గురించి గొప్పగా చెప్పుకునేవాడు. షుగరు జబ్బు ఆ చేతిలోని స్పర్శను ఎప్పుడో తినేసిందని ఆయనకు తెలియదు. మేస్త్రి ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నదానికి కూడా. చెబితే మర్నాటినుంచి ఇంట్లో కూర్చోవాలి. గన్ను మోత వింటూ, అంచనా మీద నెట్టుకొస్తున్నాడు. బొబ్బలు లేచిన రోజున గుడ్డ చుట్టుకుని, రేకు కోసుకుందనేవాడు. అదృష్టం కూడా కొన్నాళ్లు మొహమాటపడుతుంది కాబోలు, ఇంతవరకూ ఏదీ తగలబడలేదు.

బయట గన్ను పట్టేది బావమరిది. భార్యకు సొంత తమ్ముడు, పని నేర్చుకున్నది కూడా మేస్త్రి దగ్గరే. ఆ రోజు అతగాడు ఓనరును పిలిచి మరీ వ్యాను పక్కన నిలబెట్టాడు. తన పనితనం చూపించుకుందామని కాబోలనుకుని, మేస్త్రి మాస్కు సర్దుకుని లోపల కూర్చున్నాడు. గన్ను మోగింది. కాసేపటికి అలవాటుగా "జరుపు" అన్నాడు.

"బాగా కాలుతోందా బావా?"

"చెయ్యి పెట్టలేకపోతున్నానురా." చటుక్కున చెయ్యి లాక్కుని ఊదుకున్నాడు కూడా.

ఓనరు లోపలికి వంగి రేకు మీద చెయ్యి పెట్టాడు. తీయలేదు. అలాగే ఉంచి మేస్త్రి మొహంలోకి చూశాడు. గన్ను మీట మొదటినుంచీ చల్లగాలి మీదే ఉంది. బావమరిది ఆ మీటను ఓనరుకు చూపించి నవ్వాడు.

ఓనరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రేపటినుంచి రానక్కర్లేదని, ఆ పని ఇక బావమరిది చూసుకుంటాడని చెప్పి వెళ్లిపోయాడు.

సిగ్గుతో చచ్చిపోతూ బయటికొచ్చిన మేస్త్రి, నీకెలా తెలిసిందని అడిగాడు.

"అక్కే చెప్పింది. పొయ్యి మీది గిన్నె వట్టిచేత్తో దించుతున్నావట. బావని కాస్త కనిపెట్టుకుని ఉండరా అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది." బావమరిది గన్ను వేడికి తిప్పుకున్నాడు. "తన నోటిమాటతోనే నీ పని పోయిందని అక్కకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"