మలుపు దగ్గరి జీపు

టైలరమ్మ సంచి పోయింది బస్‌స్టాపుకూ ఇంటికీ మధ్య ఉన్న మలుపులో, మిట్టమధ్యాహ్నం. బైకు మీద ఇద్దరు వచ్చారు. వెనక కూర్చున్నవాడు సంచి పట్టుకుని లాగాడు. ఆమె వదల్లేదు. అందులో జనం కుట్టమని ఇచ్చిన బట్టలున్నాయి. బైకు ఆమెను కొంతదూరం ఈడ్చుకెళ్ళింది. పట్టీ తెగింది. మోచెయ్యి విరిగింది.

అందరికంటే ముందు ఆస్పత్రికి చేరినవాడు ఆమె అక్క భర్త. కాలనీ సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. టైలరమ్మ మిషను పెట్టుకున్న గదీ, కూతురితో ఉంటున్న వెనక వాటా రెండూ ఆయనవే.

"ఎలా పడ్డావని డాక్టరు అడిగితే మెట్ల మీద జారానని చెప్పు," అన్నాడు.

"జారలేదు బావగారూ. లాగారు."

"నాకు తెలీదా? కాస్త విను. ఏడాదిగా మన కాలనీ నుంచి ఒక్క ఫిర్యాదు పోలేదు. వచ్చే నెల పోలీసులు 'సురక్షిత కాలనీ' అని బోర్డు పెడుతున్నారు. అది పడిందంటే ఫ్లాట్ల ధరలకు రెక్కలొస్తాయి. పాత గుడ్డల సంచి కోసం అందరి నోట్లో మట్టి కొడతావా?"

"పాత గుడ్డలు కావు."

"సరే, కొత్తవే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు."

అక్క మంచం పక్కన కూర్చుని చెల్లెలి పాదాలు పడుతోంది. తలెత్తలేదు. టైలరమ్మ డాక్టరుకు మెట్లనే చెప్పింది.

బోర్డు వచ్చింది. మలుపులోనే పాతారు. నీలం రేకు, తెల్ల అక్షరాలు. ఇన్‌స్పెక్టరు రిబ్బను కత్తిరించి, ఈ కాలనీని చూసి నగరం నేర్చుకోవాలన్నాడు. కత్తెర టైలరమ్మది. బావగారు అడిగి పట్టుకెళ్ళాడు.

ఆ తర్వాతి సోమవారం నుంచి మలుపులో పోలీసు జీపు కనబడలేదు. అంతకుముందు రోజూ పొద్దుగూకే వేళకు వచ్చి, బస్సులు ఆగిపోయేదాకా అక్కడే ఉండేది. టైలరమ్మ కూతురు మందుల షాపులో పని ముగించుకుని, చీకటి పడ్డాక ఆ మలుపు మీదుగానే వస్తుంది.

రెండు వారాలు చూసి టైలరమ్మ స్టేషనుకు వెళ్ళింది.

"జీపు పక్క పేటకు పోయిందమ్మా," అన్నాడు హెడ్ కానిస్టేబులు. "అక్కడ ఫిర్యాదులెక్కువ. ఫిర్యాదున్న చోటికే బండి. మీకేం, బోర్డుంది."

"బోర్డు దొంగను పట్టుకుంటుందా?"

హెడ్డు నవ్వాడు. ఆమె సంచి సంగతి చెప్పింది. అతను నవ్వు ఆపి ప్రెసిడెంటుకు ఫోను చేశాడు. ఫోను స్పీకరులో ఉంది.

"మా మరదలు మెట్ల మీద జారిందండీ," అంది బావగారి గొంతు. "డాక్టరుకూ అదే చెప్పింది. నొప్పి మాత్రలు మింగుతోంది, ఏదో అంటూంటుంది. పట్టించుకోకండి."

హెడ్డు ఫోను పెట్టేసి ఆమె చేతికట్టు వైపు చూశాడు.

"నువ్వు చెప్పేది నిజమేననుకో. ఒక్క నోటి మాటకు జీపు కదలదు. మీ కాలనీ నుంచి ఇంకొక్కరిని తీసుకురా. అవునండీ, మాకూ ఆ మలుపంటే భయమే అని సంతకం పెట్టమను. బండి తెప్పించే పూచీ నాది."

ఇంకొక్కరే కదా అనుకుంది టైలరమ్మ.

మొదట మూడో అంతస్తు డ్రాయింగు మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చేతిలోంచి ఎవరో ఫోను లాక్కెళ్ళిన సంగతి భవనమంతటికీ తెలుసు.

"లాక్కెళ్ళారా? ఎవరన్నారు?" అన్నాడాయన. "నేనే ఎక్కడో పారేసుకున్నా. వయసు మీద పడటం లేదూ?" ఆయన ఫ్లాటు అమ్మకానికి ఉంది.

తర్వాత కిరాణా కొట్టు ఆవిడ. ఆ కొట్టు తాళం ఎవరో పగలగొట్టారు.

"ఎలుకలమ్మా," అందావిడ.

"తాళాన్ని ఎలుకలు పగలగొట్టాయా పిన్నీ?"

"పెద్దవి."

ఇంకా నలుగురైదుగురు తలుపు తీశారు, వేశారు. అయితే ఆ వారం నుంచి సాయంత్రాలు బస్‌స్టాపు దగ్గర జనం పెరిగారు. మాస్టారు కోడలి కోసం వచ్చి, గాలికి వచ్చానన్నాడు. కొట్టావిడ కొడుకు కోసం వచ్చి, కాళ్ళు పట్టేశాయంది. బావగారు కూడా వచ్చాడు. అక్క పాఠాలు చెప్పి వచ్చే బస్సదే.

"మీరూ గాలికేనా బావగారూ?"

"అరుగుదలకు," అన్నాడాయన. "నీ నోరుంది చూశావూ..."

బస్సు వచ్చింది. ఎవరి మనిషిని వాళ్ళు పట్టుకుని గుంపుగా బయల్దేరారు. టైలరమ్మ కూతురి వెనకే ఒక నర్సు దిగింది. వాళ్ళు రెండో అంతస్తు ఫ్లాటు కొని కొత్తగా చేరారు. ఆమె కోసం ఎవరూ రాలేదు.

టైలరమ్మ, కూతురు ఆమెతో కలిసి వెనకబడ్డారు.

"ఇల్లు కొన్నది బోర్డు చూసేనా అమ్మా?"

"బోర్డు చూసే అక్కా. ఉన్నదంతా ఊడ్చి కొన్నాం. ఆస్పత్రిలో డ్యూటీ ముగిసేసరికి చీకటి పడుతుంది కదా, భయం లేని చోటు కావాలన్నాను."

టైలరమ్మ అంతా చెప్పింది. బైకు, సంచి, మెట్లు, జీపు. చెప్పి చేతికట్టు విప్పింది. నర్సు ఆ మోచేతిని వీధిదీపం వైపు తిప్పి చూసింది.

"ఇది జారిన దెబ్బ కాదు," అంది. "ఈడిస్తేనే మచ్చ ఇలా చారలుగా పడుతుంది."

ఆ ముక్క ఇంతవరకూ కాలనీలో ఒక్కరూ అనలేదు.

"రేపు నాతో స్టేషనుకు వస్తావా తల్లీ? ఒక్క సంతకం. నువ్వూ ఈ దారినే రావాలి, మా పిల్లా ఈ దారినే రావాలి."

నర్సు కట్టు మళ్ళీ చుట్టింది. అలవాటైన చేతులు, ముడి బాగా పడింది.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా అక్కా?"

"స్టేషన్లో చెప్పాను. నమ్మలేదు."

"నయం," అంది నర్సు. "మా ఫ్లాటు అమ్ముడయ్యేదాకా ఇంకెవరితోనూ అనకు. నీకు దణ్ణం పెడతాను."

అని అంగలేసి, ముందు పోతున్న గుంపు మధ్యలోకి దూరింది. మలుపు వచ్చింది. టైలరమ్మ కూతురిని గోడవైపు జరిపి, తను రోడ్డువైపు నడిచింది. విరిగిన చెయ్యి అటువైపే ఉంది.