అంటని దగ్గు

ఆనందబాబుకి బీపీ ఉందని తెలిసింది, భార్య లూసీకి కీమో మొదలైన నెలలోనే. వాళ్ళు దేశం విడిచి వచ్చి షామ్‌బర్గ్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఆయన కౌంటీ రోడ్ల విభాగంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆమె స్కూల్ లైబ్రరీలో పనిచేసింది. లూసీకి పాంక్రియాస్‌లో క్యాన్సరని తేలగానే వేరే రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ఉంటున్న కూతురు ప్రిస్సిల్లా ఆఫీసు లాప్‌టాప్ పట్టుకుని వచ్చి పుట్టింట్లో మకాం పెట్టింది.

బీపీకి డాక్టరు రెండు మందుల పేర్లు చెప్పాడు, లిసినోప్రిల్, లోసార్టన్ అని. "రెండూ దాదాపు ఒకేలా పనిచేస్తాయి. మొదటిదానితో కొంతమందికి పొడిదగ్గు రావచ్చు. చాలామందికి ఏమీ రాదు. మీకు ఏదైనా పర్వాలేదా?" అని అడిగాడు.

ఆనందబాబు మనసు అక్కడ లేదు. ఆ మధ్యాహ్నమే లూసీని కీమోకి తీసుకెళ్ళాలి. చర్చిలో తన పక్కన కూర్చునే జోనాథన్ ఏళ్ళ తరబడి లిసినోప్రిల్ వేసుకుంటూ నిక్షేపంగా ఉన్నాడని మాత్రం గుర్తొచ్చింది.

"ఆ మొదటిదే రాసేయండి" అని లేచారు.

కొన్ని వారాలకి గొంతులో గరగర మొదలైంది. తరవాత దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు. మాట మధ్యలో వచ్చేది, అన్నం మధ్యలో వచ్చేది, వచ్చిందంటే కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా వదిలేది కాదు. సరిగ్గా అప్పుడే లూసీకి తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయి. దగ్గూ జలుబూ ఉన్నవాళ్ళెవర్నీ దగ్గరికి రానివ్వద్దని క్యాన్సర్ క్లినిక్‌లో గట్టిగా చెప్పి పంపారు.

ఆ సాయంత్రం మేడమీద లూసీ గది గుమ్మంలో ప్రిస్సిల్లా తండ్రికి అడ్డంగా నిలబడింది.

"డాడీ, ప్లీజ్. లోపలికి వెళ్ళకు. మమ్మీ కౌంట్స్ చాలా లో ఉన్నాయి. నువ్వు కొన్నాళ్ళు బేస్‌మెంట్‌లో పడుకో."

"మాస్క్ పెట్టుకుంటానమ్మా."

"మాస్క్ చాలదు డాడీ. ఐ కాంట్ టేక్ దట్ రిస్క్."

ఆయన వాదించలేదు. కూతురు చెప్పినదాంట్లో తప్పేముంది? దిండు చంకలో పెట్టుకుని కిందికి దిగిపోయారు.

కోవిడ్ టెస్టు చేయించారు, నెగెటివ్. ఎక్స్‌రే తీయించారు, శుభ్రంగా ఉంది. అర్జెంట్ కేర్ క్లినిక్‌లో ఒకరు ఎలర్జీ అన్నారు, ఇంకొకరు పొట్టలో ఆసిడ్ అన్నారు. సిరప్పులు తాగారు, మిరియాల కషాయం తాగారు. దగ్గు తగ్గలేదు. అది తగ్గితే తప్ప ఆయన పైకి వెళ్ళే వీల్లేదు.

ఒకే ఇంట్లో ఉంటూ మొగుడూ పెళ్ళాం ఫోన్లో మాట్లాడుకోవలసి వచ్చింది.

"తిన్నారా?" అని అడిగేది లూసీ.

"తిన్నాను. నువ్వు?"

"రెండు ముద్దలు. నోరంతా ఇనుము తిన్నట్టుందండీ."

"పాదాలు ఎలా ఉన్నాయి?"

కీమో వల్ల ఆమె పాదాలు మొద్దుబారిపోయాయి. మొదట్లో ఆయన రోజూ కొబ్బరినూనె వేడిచేసి పట్టేవారు. ఇప్పుడు ప్రిస్సిల్లా పడుతోంది.

"పిల్ల బాగానే పడుతుంది. కానీ మరీ మెల్లగా, పగిలిపోతానేమో అన్నట్టు పడుతుందండీ." కాస్త ఆగింది. "గుమ్మం దాకా వచ్చి నిలబడకూడదా? చూసి పోదురుగాని."

ఆయన జవాబు చెప్పబోయారు. దగ్గు తెర వచ్చేసింది. అది ఆగేసరికి లూసీ, "సరే లెండి, మంచినీళ్ళు తాగండి" అని ఫోను పెట్టేసింది.

జూన్ వచ్చింది. కీమో పనిచేయడం లేదనీ, ఇక మందులు ఆపి బాధ లేకుండా చూసుకోవడమే మిగిలిందనీ డాక్టర్లు చెప్పారు. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే హాస్పిస్ నర్సు ఇంటికి రావడం మొదలైంది. అయినా ప్రిస్సిల్లా పట్టు సడలించలేదు. "ఇప్పుడు న్యుమోనియా వస్తే ఉన్న ఆ కొన్ని రోజులు కూడా పోతాయి డాడీ" అంది. అంటూనే ఏడ్చింది. ఆయన మళ్ళీ కిందికే వెళ్ళారు.

ఆ వారంలో బీపీ చూపించుకోవడానికి ఆయన మందు రాసిన డాక్టరు దగ్గరికే వెళ్ళారు. చేతికి బీపీ పట్టీ చుడుతుంటే దగ్గొచ్చింది.

"ఇది ఎన్నాళ్ళనుంచి?" డాక్టరు పట్టీ విప్పేశాడు.

"ఏప్రిల్ నుంచి. అన్ని టెస్టులూ అయ్యాయి."

"మీరు వేసుకునే బీపీ మాత్ర చెప్పారా వాళ్ళకి?"

"అడగలేదు. నేనూ చెప్పలేదు."

"ఇది ఆ మాత్ర వల్లే అనుకుంటాను. ఆపేయండి, లోసార్టన్ రాస్తాను. తగ్గడానికి కొన్ని వారాలు పట్టొచ్చు."

ఆనందబాబు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. "అయితే డాక్టర్, ఇది ఎవరికైనా అంటుతుందా?"

"లేదు. మాత్ర వల్ల వచ్చే దగ్గు ఎవరికీ అంటదు."



ఇంటికొచ్చి చెప్పగానే వంటింట్లో ప్రిస్సిల్లా చేతిలోని గిన్నె సింకులో జారవిడిచింది.

"అంటే... ఇన్ని రోజులు నువ్వు పైన ఉండొచ్చా? నేను నిన్ను ఊరికే..."

ఆయన కూతురి తల నిమిరి, దగ్గుతూనే మెట్లెక్కారు.

లూసీ సగానికి సగమైపోయింది. ఆ చెంపలు, ఆ మణికట్టు ఫోనులో ఎలా తెలుస్తాయి? ఆయన మంచం అంచున కూర్చుని సంగతంతా చెప్పారు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

"బీపీ మాత్రా?"

"అవును. దీంతో దగ్గు రావచ్చనీ, ఇంకోటి ఉందనీ ఆ రోజే చెప్పాడు. నేనే సరిగ్గా వినలేదు."

ఆమె కంటినుంచి ఒక చుక్క చెవి వైపు జారింది. తరవాత నెమ్మదిగా గోడవైపు జరిగి ఆయనకి చోటిచ్చింది.

"పడుకోండి. మీరు దగ్గుతున్నా సరే, నాకు నిద్రపడుతుంది."

ఆ తరవాత ఆయన ఆ గది వదల్లేదు. పాదాలకి నూనె పట్టారు, గట్టిగానే పట్టారు. ఆమె కోరిన కీర్తన పాడబోయి, రెండో చరణంలో దగ్గుతో ఆగిపోతే మిగతాది ఆమే సన్నటి గొంతుతో పూర్తి చేసింది. కొత్త మాత్రతో బీపీ అదుపులోనే ఉంది. దగ్గు కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది. అది పూర్తిగా పోకముందే, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆయన చేయి పట్టుకునే లూసీ వెళ్ళిపోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. ప్రిస్సిల్లా మేడమెట్ల మీద కూర్చుండిపోయింది. ఆనందబాబు పక్కన కూర్చున్నారు.

"నన్ను తిట్టు డాడీ. ఒక్కసారి తిట్టు."

"మీ అమ్మకి ఏమీ కాకూడదనే కదమ్మా నువ్వు చేసింది. నాకు తెలీదా?"

"కానీ ఆ రోజులు, డాడీ..."

ఆయన కూతురి భుజం చుట్టూ చేయి వేశారు. వీధిలో ఎవరో గడ్డి కోస్తున్న మిషన్ చప్పుడు ఆగేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. తరవాత, పొద్దుటినుంచీ పిల్ల ఏమీ తినలేదని గుర్తొచ్చి, ఆయన లేచి వెళ్ళి బియ్యం కడిగారు.