బోర్డు మీద ఏడో వార్త

టైలరు ప్రతి ఆదివారం పొద్దున్నే దుకాణం తలుపు పక్కన నల్లబోర్డు తగిలిస్తాడు. దాని మీద పది వార్తలుంటాయి. పదకొండోది రాయడు, తొమ్మిదితో ఆపడు. వారమంతా పక్కనున్న మంగలి షాపు నుంచి పేపర్లు అడిగి తెచ్చుకుని చదువుతాడు. మిషను ముందు కూర్చుని వీధిని చూస్తాడు. శనివారం సాయంత్రం గుడ్డ మీద గీతలు గీసే సుద్దతోనే రాస్తాడు. ముందు లోకం, తర్వాత రాజకీయం, చివర వీధి. ఇంట్లో టీవీ లేదు. అరిచేవాళ్ళని పిలిచి మరీ ఇంట్లో కూర్చోబెట్టుకోవడం దేనికంటాడు. ఫోనుంది గానీ దాని బ్యాటరీ రబ్బరు బ్యాండుతో నిలబడుతుంది. ఎప్పుడు తీసి చూసినా పన్నెండే చూపిస్తుంది.

ఎదురుగా అందరూ 'మామయ్యా' అంటారు. వెనక 'కత్తెర' అంటారు. రెండూ ఆయనకి తెలుసు.

భార్య ఉన్నన్నాళ్ళూ బోర్డు ఆమె చేతిమీదుగానే వీధిలోకి వెళ్ళేది. శనివారం ఆయన రాయడం పూర్తవగానే తడిగుడ్డ పట్టుకుని వచ్చేది. పదీ చదివేది. ఒకటి చెరిపేది. అంతే, ఒక్కటే.

"ఎందుకు చెరిపావ్?"

"బాగాలేదు."

"నిజమేగా?"

"ఇంకోటి రాయండి."

ఆయన గొణుక్కుంటూ ఇంకోటి రాసేవాడు. ఆమె చెరిపేవి చాలావరకు ఒకే రకం. బస్సు ఆలస్యం. పాలు ఆలస్యం. టీచరు బడికి ఆలస్యం. "నీది మెత్తని మనసు, వార్తలకి పనికిరాదు" అనేవాడాయన. ఆమె నవ్వి గుడ్డని తలుపు పక్కన మేకుకి తగిలించేది.

ఆమె పోయి పది నెలలైంది. గుడ్డ మేకు మీదే ఎండి అట్టముక్కలా బిగుసుకుంది. బోర్డుకి అడ్డు లేకుండా పోయింది. బస్సు డ్రైవరు పలకరించడం మానేశాడు. పాలాయన ప్యాకెట్టు గడప మీద పడేసి పోతున్నాడు. టీచరు కుట్టుపని ఇంకో వీధికి తీసుకెళ్ళింది. నిజం చేదుగా ఉంటుంది, జనం నాలుక తీపి మరిగింది, నేనేం చెయ్యనని టైలరు తేల్చేశాడు.

ఆ ఆదివారం బోర్డు ఇలా మొదలైంది. ఒకటి: రెండు పెద్ద దేశాలు కూర్చుని మాట్లాడుకున్నాయి, మళ్ళీ కూర్చుందామని తీర్మానించి లేచాయి. రెండు: ఉల్లిపాయల ధర తగ్గిందని మంత్రి ప్రకటన, ఆయన ఏ అంగడికి వెళ్ళారో పేపరు రాయలేదు. మూడు: అదే మంత్రి పార్టీ మారాడు, కుర్చీ మారలేదు. అలా దిగి ఐదో వార్త దగ్గర వీధిలోకి వచ్చింది: మూలమీది గుంతకి రెండేళ్ళు నిండాయి, కౌన్సిలరుగారు వచ్చి దీవించాలని వీధివాళ్ళ కోరిక.

ఏడో వార్త ఇది: కుళాయి నీళ్ళు ఆరింటికి రావాలి. ఈ వారం ఐదురోజులు ఆరుంబావుకి వచ్చాయి. వదిలేవాడికి నిద్ర తీపి, మనకి గొంతు తడారడం.

సోమవారం కౌన్సిలరు మనిషి ఒకడు వచ్చి బోర్డుని ఫోటో తీసుకుని వెళ్ళాడు. మంగళవారం మంగలి సగం గీసిన గడ్డాన్ని కుర్చీలోనే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"మామయ్యా! నీ బోర్డుకి ప్రభుత్వం కదిలింది!"

"గుంత పూడుస్తున్నారా?"

"గుంత కాదు. నీళ్ళాయన్ని పనిలోంచి తీసేశారు."

టైలరు మిషను ఆపాడు. రెండేళ్ళుగా గుంత గురించి, అంతకుముందు నుంచీ వీధిదీపాల గురించి, మురుగుకాలవ గురించి రాశాడు. ఒక్క ఆకు కదల్లేదు. ఏడో వార్తకి ఒక్కరోజులో మనిషే ఎగిరిపోయాడు. ఎక్కడో కొంచెం గుచ్చుకుంది. కానీ ఛాతీ కూడా పెరిగింది. టేపు పెట్టి కొలిస్తే అరంగుళం ఉంటుంది.

బుధవారం నీళ్ళాయన వచ్చాడు. సన్నటి మనిషి. పదకొండేళ్ళు చేతిలో ఉన్న, నీళ్ళ వాల్వు తిప్పే పొడుగాటి ఇనప తాళంచెవి ఇప్పుడు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకున్నాడు.

"అన్నా, నేను ఆరింటికే తిప్పాను."

"నా కళ్ళతో చూశాను. ఐదురోజులు."

"జ్వరమొచ్చినా తిప్పి వచ్చి పడుకున్నవాణ్ణి నేను. కూతురు పుట్టిన రోజు కూడా తిప్పి ఆస్పత్రికి వెళ్ళాను."

"బోర్డు మీద అబద్ధం రాయను."

"అయితే అబద్ధం నేనాడుతున్నానా? ముందు నీ గడియారం చూసుకో."

"ముందు నువ్వు నీ మొహం చూసుకో."

నీళ్ళాయన మొహం మాత్రం మారలేదు. "సోమవారం నుంచి కౌన్సిలరు మేనల్లుడు తిప్పుతాడట. నీ ధర్మమా అని వాడికి ఉద్యోగం వచ్చింది. రాసుకో, వచ్చేవారానికి మంచి వార్త" అని వెళ్ళిపోయాడు.

ఈలోగా పంపుహౌసు కాపలావాడు తనకి బుద్ధిపుట్టినప్పుడు నీళ్ళు వదులుతున్నాడు. ఆ రోజు పదకొండింటికి పుట్టింది.

గురువారం మరదలు వచ్చింది. భార్యకి చెల్లెలు, ఆస్పత్రిలో నర్సు. యూనిఫాం అంచు ఊడితే కుట్టమని అంతకుముందు రోజు ఇచ్చి వెళ్ళింది.

"అయిందా బావా?"

"ఎప్పుడో అయింది. తొమ్మిది కొట్టింది, నీ డ్యూటీ తొమ్మిదికి కదా? పరిగెత్తు."

ఆమె గోడ గడియారం వంక చూసి తాపీగా స్టూలు లాక్కుని కూర్చుంది. "పావుగంట ఉందిలే. మంచినీళ్ళివ్వు. ఉన్నాయా, నీళ్ళాయనతో పాటే పోయాయా?"

"పావుగంట ఎక్కణ్ణుంచి వచ్చింది? అదిగో తొమ్మిది."

"అది నీ గడియారం బావా."

"నా గడియారానికేం?"

మరదలు చేత్తో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి నవ్వు బయటికొచ్చేసింది. "అక్క చెప్పనేలేదా? పోయేముందు కూడా?"

"ఏం చెప్పాలి?"

"అది పావుగంట ముందు నడుస్తుంది. పెళ్ళికని ఇచ్చిన చొక్కాలు పెళ్ళికొడుక్కి పిల్లలు పుట్టాక ఇచ్చేవాడివి కదా. చెప్పి చెప్పి అక్క నోరు పడిపోయింది. ఓ రోజు గడియారంలో సెల్లు మారుస్తూ ముల్లు ముందుకి తోసేసింది. ఆ తర్వాత నీ పని దారిలో పడింది. నువ్వేమో నీ గొప్పేననుకున్నావు."

"ఎన్నాళ్ళైంది?"

"పద్నాలుగేళ్ళు. 'మీ బావ లోకానికి పావుగంట ముందుంటాడే, అందుకే ఆయనకి అందరూ ఆలస్యం' అని నవ్వేది."

టైలరు కత్తెర కింద పెట్టాడు. "ఇంకెవరికి తెలుసు?"

"మంగలికి తెలుసు. పాలాయనకి తెలుసు. నీకు తప్ప అందరికీ తెలుసనుకో."

"ఒక్కడూ చెప్పలేదేం?"

"ఎవరు చెప్తారు నీకు? చెప్పినవాడు ఆదివారం బోర్డెక్కుతాడు." ఆమె యూనిఫాం భుజాన వేసుకుని లేచింది. "నీళ్ళాయన చెప్పాడుగా. ఏమన్నావు?"

 ఆమె వెళ్ళాక టైలరు మేకు మీది గుడ్డవంక చూశాడు. బస్సు ఆలస్యం, చెరిపింది. పాలు ఆలస్యం, చెరిపింది. మెత్తని మనసు కాదు. ముల్లు తోసి తను చేసిన తప్పు ఎంతో ఆమెకి నిమిషాలతో సహా తెలుసు. వారం వారం దాన్ని తుడుచుకుంటూ వచ్చింది. చెప్పేస్తే పోయేది కదా అని ఒళ్ళు మండింది. మండి ఏం లాభం, తిట్టడానికి మనిషి లేదు.

శుక్రవారం కౌన్సిలరు ఆఫీసుకి వెళ్ళాడు. కొత్త రంగు వాసన, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. గోడకి తన బోర్డు ఫోటోనే పెద్దది చేసి వేలాడదీశారు. ఏడో వార్త చుట్టూ ఎర్రగీత. కింద 'విమర్శకు ఇరవైనాలుగు గంటల్లో స్పందన' అని ఉంది. ఐదో వార్త దగ్గరికొచ్చేసరికి ఫోటో కొంచెం మసకబారింది, పాపం.

"రండి రండి మామయ్యా! చూశారా, మీ మాటంటే మాకెంత విలువో!"

"ఆ మాట తప్పు. నా గడియారం పావుగంట ముందుంది. ఆయన వేళకే వదిలాడు. మళ్ళీ పనిలోకి తీసుకోండి."

కౌన్సిలరు కాసేపు ఆలోచించాడు. తర్వాత మొహం వెలిగింది. పంచాయితీలో ఎదుటివాడి సాక్షి అడ్డం తిరిగినప్పుడు వెలిగే వెలుగది.

"తప్పు రాశానని మీరే అంటున్నారు. మంచిది. అదే బోర్డు మీద రాయండి. 'ఈ బోర్డు మీద రాసేవన్నీ అబద్ధాలు' అని, పెద్ద అక్షరాలతో. రాసిన వెంటనే ఆయన్ని తీసుకుంటాను."

"తప్పు ఒక్కటే. అన్నీ కాదు."

"అన్నీ అనే రాయాలి మామయ్యా. ఆ బోర్డు మీద గుంత కూడా ఉంది కదా."

టైలరు లేచి గుమ్మందాకా వచ్చాడు. అక్కడే ఆగాడు. బోర్డు పెట్టిన ఇన్నేళ్ళలో తెలిసి ఒక్క అబద్ధం రాయలేదు. మిగతా ఏం పోయినా అదొక్కటి మిగిలిందనుకున్నాడు. కానీ ఈ పది నెలల్లో తెలియకుండా ఎన్ని రాశాడో వేళ్ళు మడిచి చూసుకుంటే వేళ్ళు చాల్లేదు. అవతల ఒక మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు.

వెనక్కి తిరిగాడు. "శనివారం సాయంత్రం రాస్తాను. మీ మనిషిని పంపండి, ఫోటో తీసుకుంటాడు. వచ్చేటప్పుడు ముద్ర వేసిన ఉత్తర్వు తెమ్మనండి. ఆదివారం పొద్దున్నే నీళ్ళు ఆయనే తిప్పాలి."

"అంతేనా! ఇప్పుడే టైపు కొట్టిస్తాను" అన్నాడు కౌన్సిలరు. గుంత పూడ్చడం కంటే ఎంతో చవక.

శనివారం సాయంత్రం టైలరు బోర్డు మీద ఒక్క వార్తే రాశాడు. ఒకటి: ఈ బోర్డు మీద రాసేవన్నీ అబద్ధాలు. అక్షరాలు పెద్దవే, సుద్ద మాత్రం రెండుసార్లు విరిగింది. కౌన్సిలరు మనిషి ఫోటో తీసుకుని, కాగితం ఇచ్చి, విజిలేసుకుంటూ వెళ్ళాడు. టైలరు ఆ కాగితం పట్టుకుని నీళ్ళాయన ఇంటికి వెళ్ళాడు. నీళ్ళాయన తలుపు సగం తీసి, చదువుకుని, తలుపు మూశాడు. కూర్చోమనలేదు. కూర్చోమంటే టైలరుకి ఇంకా ఇబ్బందయ్యేది.

దుకాణానికి తిరిగొచ్చి మళ్ళీ సుద్ద తీశాడు.

ఆదివారం గడియారం ఆరుంబావు చూపిస్తుండగా కుళాయి బుసకొట్టింది. అంటే ఆరు. బోర్డు తగిలించగానే మంగలి వచ్చాడు. మొదటి వార్త చదివి "ఇదేంటి మామయ్యా!" అన్నాడు. రెండోది చదివి ఆగాడు. మూడోది గట్టిగా చదివాడు. నాలుగోదానికి బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు కుళాయి వదిలేసి వచ్చారు.

రెండు: మూలమీది గుంత పూడ్చేశారు. తొక్కుడుబిళ్ళ ఆడుకునేంత చదునుగా ఉంది. మూడు: వీధిదీపాలన్నీ వెలుగుతున్నాయి. నాలుగు: కౌన్సిలరుగారికి మేనల్లుడు లేడు. ఐదు: మంత్రి జనం కోసమే పార్టీ మారాడు. ఆరు: పెద్ద దేశాలు రెండూ ఈసారి నిజంగానే మాట్లాడుకున్నాయి.

మంగలి పొట్ట పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. "కౌన్సిలరు చూస్తే?"

"చూడనీ. ఆయన చెప్పిన మాట పైనే పెట్టాను కదా."

"మళ్ళీ తీసేస్తే?"

"దేన్ని చూపించి తీస్తాడు? బోర్డునా? అది అబద్ధాల బోర్డని ఆయనే అన్నాడు."

కింద ఇంకా ఉన్నాయి. ఏడు: నీళ్ళాయన పదకొండేళ్ళుగా రోజూ ఆలస్యం. ఎనిమిది: బస్సు, పాలు, టీచరు అన్నీ ఆలస్యం. తొమ్మిది: టైలరు గడియారం సరిగ్గా ఉంది. పది దగ్గర మంగలి గొంతు తగ్గించి చదివాడు: టైలరుకి భార్య గుర్తు రావడం లేదు.

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అప్పుడే నీళ్ళాయన వచ్చాడు, భుజాన ఇనప తాళంచెవి. జనం దారిచ్చారు. ఆయన పై నుంచి కింది దాకా నిదానంగా చదివాడు. టైలరు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. నీళ్ళాయన మేకు మీది గుడ్డ తీశాడు. అది వంగలేదు. కుళాయి కింద పెట్టి, మెత్తబడేదాకా తడిపి, పిండి, తిరిగొచ్చి ఏడో వార్త చెరిపేశాడు.

"అది అబద్ధమని పైన రాశాను కదా తమ్ముడూ. నువ్వు ఆలస్యం కాదనే దానర్థం."

"తెలుసు. తిరగేసి రాసినా సరే, నా పక్కన ఆ మాట వద్దు."

"ఇంకోటి రాయమంటావా?"

"అక్కర్లేదు."

గుడ్డని మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. దాని కొసనుంచి నీళ్ళు గోడమీదుగా జారుతున్నాయి. టైలరు సుద్ద చేతిలో పట్టుకుని బోర్డు ముందు కాసేపు నిలబడి, సుద్దని జేబులో వేసుకున్నాడు. ఆ వారం బోర్డు మీద తొమ్మిదే వార్తలున్నాయి.